యూపీఎస్ క్షేమం

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమిటంటే, మొన్నటి గాలివానలో పడ్డ పిడుగువల్ల జాగ్రత్తమ్మగారింటి యూపీఎస్‌కి ఈగ వాలినంత దెబ్బ కూడా తగల్లేదు. కంప్యూటర్ పోయిందనుకోండి, అది వేరే సంగతి.

జాగ్రత్తమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి ఇచ్చిన బిరుదు. కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో పెట్టుకుని, నిలువునా తడుస్తూ ఇంటికొచ్చి, జ్వరంతో మూలుగుతూ కూడా "గొడుగు మాత్రం చుక్క తడవలేదమ్మా" అని చెప్పుకున్న మహా ఇల్లాలు మరి. బిరుదు ఊరికే వస్తుందా?

అలాంటి ఇంటికి మనవరాలు యూపీఎస్ తెచ్చింది. పిల్ల ఒక ఇంజినీరుగారికి ఇళ్ళ ప్లాన్లు గీసిపెడుతుంది. తొలి ఉద్యోగం.

"ఇదేం చేస్తుందే?"

"కరెంటు పోతే కాసేపు ఆదుకుంటుంది నానమ్మా. పిడుగు పడి కరెంటు ఎగదన్నితే, ఆ దెబ్బ కంప్యూటర్‌కి తగలకుండా తను కాచుకుంటుంది."

"అయ్యో, పాపం!" అంది జాగ్రత్తమ్మ.

ఆ క్షణం నుంచీ ఆవిడ జాలంతా ఆ పెట్టెమీదే. మబ్బు పట్టిందంటే చాలు, దాన్ని ఊడబెరికి, బీరువాలో దుప్పట్ల మధ్య పడుకోబెట్టేది. కంప్యూటర్ తీగని తిన్నగా గోడకున్న ప్లగ్గులో గుచ్చేది. కాపలావాడికే ఏదన్నా అయితే ఇంటికి దిక్కెవరు? ఆవిడ వాదనలో పిసరంత లోపం కనిపిస్తే చెప్పండి. ఆకాశం తెల్లబడగానే పెట్టెకి మళ్ళీ యథాస్థానంలో ప్రతిష్ఠ. ఈ రాకపోకల సంగతి మనవరాలికి తెలియదు.

ఆ రోజు సాయంత్రానికి ప్లాను అందకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఇంజినీరుగారు ఫోనులో ఖరాఖండీగా చెప్పాడు. పిల్ల కంప్యూటర్ ఆపి, రెండు ముద్దలు తినొద్దామని లేచింది. ఆకాశం ఉరిమింది. జాగ్రత్తమ్మ తన విధి తాను నిర్వర్తించింది. పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చి, బల్ల కిందికి తొంగి చూడకుండా మీట నొక్కింది.

పిడుగు పడింది. కంప్యూటర్ లోపల ఠప్పుమంది. కాలిన వాసన.

"యూపీఎస్ ఉందిగా! ఎలా పోయింది?" అని పిల్ల బావురుమంది.

"దానికేం, నిక్షేపంలా ఉంది!" అంటూ జాగ్రత్తమ్మ బీరువా తెరిచింది.

మనవరాలు ఆ దుప్పట్ల వంకే చూస్తూ కూర్చుండిపోయింది. అదిగో, అప్పుడు ఆవిడ గుండె కాస్త జారింది. అరిస్తే సర్దిచెప్పొచ్చు, చూస్తూ కూర్చుంటే ఏం చెప్పను? పిల్ల ఉద్యోగాన్ని దుప్పట్లలో పెట్టి తాళం వేసుంటే బాగుండేదేమో అనిపించింది.

రిపేరు చేసేవాడు వచ్చి మూత విప్పాడు. పవర్ సప్లై మాడిపోయింది, గీసిన ప్లాన్లు భద్రం. కొత్తది బిగిస్తూ జరిగింది విన్నాడు. "మీలాంటి చల్లని తల్లులుండబట్టే మా పొయ్యి వెలుగుతోందమ్మా" అని రెండు చేతులూ జోడించాడు. ఆవిడ పొగడ్తే అనుకుని మంచినీళ్ళిచ్చింది.

ఈలోగా జాగ్రత్తమ్మ కొడుకు, వీధి సంఘానికి కార్యదర్శి, గొంతు సవరించుకున్నాడు. "కష్టాల్లో కూడా మంచినే చూడాలి. పోయింది ఒక్కటే. రెండూ పోయుంటే? దీనికి కారణం అమ్మ ముందుచూపు!" ఇరుగుపొరుగు వచ్చి యూపీఎస్‌ని పరామర్శించి వెళ్ళారు.

ప్లాను పట్టుకుని పిల్ల ఆఫీసుకి చేరేసరికి చీకటి పడింది. క్షమాపణ చెప్పుకోడానికి జాగ్రత్తమ్మ కూడా ఆయాసపడుతూ వెంట నడిచింది.

"తప్పు నాది నాయనా. పిల్లని తీసెయ్యకు," అని మొత్తం చెప్పింది.

ఇంజినీరుగారు నవ్వలేదు, కోప్పడలేదు. గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా నేల వంక చూశాడు. అక్కడా అన్ని కంప్యూటర్లూ నల్లగా నోళ్ళు మూసుకుని ఉన్నాయి.

"ఫరవాలేదు లెండి," అన్నాడాయన నీరసంగా. "తొందరేం లేదు. ఎలాగూ మావి బాగయ్యేదాకా దీన్ని చూడలేం."

"మీకు యూపీఎస్ లేదా బాబూ?"

"ఎందుకు లేదమ్మా? చాలా ఖరీదైనది. ఇనప్పెట్టెలో ఉంది."

పిల్ల ఉద్యోగం నిలిచింది. మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి, కాదనను. కాకపోతే ముందు మీ టీవీ రిమోటుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి, ఆ తరవాత నవ్వండి.