కవరులో కృష్ణబిలాలు

సాయంత్రంలోగా వ్యాసం పంపేసి, రెండు రోజులు ఫోను ముట్టకుండా నిద్రపోవాలని ఆ పొద్దున ఆవిడ ప్లాను. ఎనిమిదేళ్లుగా ఆవిడ రెండు కోట్ల నక్షత్రాలను కనిపెట్టుకుని ఉంది. మధ్యలో కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, అడ్డొస్తే దాని గురుత్వం భూతద్దంలా పనిచేసి, వెనకున్న నక్షత్రం కొన్నాళ్లు తళుక్కుమంటుంది. విశ్వం నిండా ఉండి ఎవరికీ అంతుబట్టని చీకటి పదార్థమంతా కృష్ణబిలాలే అయితే అలాంటి తళుకులు బోలెడు కనబడాలి. కనబడకపోతే కాదన్నమాట. ఆ "కాదు" అనడానికే ఎనిమిదేళ్లు ధారపోసింది.

ఆ తళుకులు వెతకడానికి ఆవిడ రాసిన కంప్యూటరు ప్రోగ్రాముకు చూపు ఉందో లేదో తేల్చడానికి డేటాలో కొన్ని దొంగ తళుకులు రహస్యంగా కలుపుతారు. ఎన్ని కలిపారో, ఎక్కడ కలిపారో సీలు వేసిన కవరులో ఉంటుంది. కలిపినవాడు అదే సంస్థలో పనిచేసే ఆవిడ మొగుడే. మాట ఇస్తే చచ్చినా తప్పని మనిషి, ఆవిడ ఖర్మ.

"ఏమండీ, మొత్తం వెతికితే దొరికింది ఒక్కటే. అది మీరు కలిపిందేనా?" కాఫీ తాగుతున్న ఆయన్ని నిలదీసింది.

ఆయనకు పొలమారింది. "నన్నడక్కు. నాలుగింటికి కవరు తెరుస్తారుగా!"

పొలమారిందంటే దొరికిపోయాడన్నమాట. అది దొంగదే. అసలువి సున్నా. ఆవిడ ప్రాణం కుదుటపడింది.

ఆఫీసులో కాలు పెట్టిందో లేదో ఆవిడ పై అధికారి, ప్రొఫెసరు ఎదురొచ్చాడు. "ఒకటి దొరికిందటగా అమ్మా! డైరెక్టరుగారికి చెప్పేశాను. ఆయన విలేకరుల్ని కూడా పిలిచేశారు!"

"అయ్యో, అది మావారు కలిపింది సార్!"

"ఆయన చెప్పాడా?"

"చెప్పలేదు. పొలమారింది."

"పొలమారడం సాక్ష్యమేంటమ్మా?"

ఇద్దరూ అడగడానికి వెళ్లేసరికి ఆయన స్టోరు గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. "చూశారా, తప్పు చేసినవాడి వాలకం!" అంది ఆవిడ. "సంతోషం పట్టలేక దాక్కున్నాడు," అన్నాడు ప్రొఫెసరు. ఈలోగా డైరెక్టరు హాల్లో కుర్చీలు వేయించి, మైకులో హలో హలో అంటున్నాడు. ఆవిడకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

నాలుగింటికి కెమెరాల ముందు కవరు చించారు. ఆవిడకు దొరికిన తళుకు జాబితాలో లేదు! హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అయితే అది అసలుదేనా అనుకుంది ఆవిడ. ఎనిమిదేళ్ల "కాదు"కు చిల్లు పడ్డట్టేనా? చప్పట్లు కొట్టనివాడు ఆవిడ మొగుడొక్కడే.

"ఇందులో పన్నెండున్నాయేంటి?" అన్నాడు ప్రొఫెసరు, కాగితం మళ్లీ చూసుకుని.

పన్నెండు కలిపితే ప్రోగ్రాము ఒక్కటీ పట్టలేదు. తెచ్చి ముందు పెట్టినవే కనబడనిదానికి, ఈ ఎనిమిదేళ్లలో అసలువి ఎన్ని తప్పిపోయాయో ఎవరికి తెలుసు? అది పట్టిన ఆ ఒక్కదాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు?

"ఒక్కటే దొరికిందన్నావు చూడు, అప్పుడే నా గుండె జారిపోయింది," అని గొణిగాడు మొగుడు.

"ఆ ముక్కేదో చెప్పి చావొచ్చుగా!" ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"చెబితే అది పరీక్షెలా అవుతుందే?"

విలేకరులు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. డైరెక్టరు గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. పరీక్ష సంపూర్ణంగా విజయవంతమైందని, ప్రోగ్రాము పనికిరాదని నిస్సందేహంగా రుజువైందని ప్రకటించాడు.