దోన్ ఎవేలియో చెవిలో పాట

మునిసిపల్ ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వస్తానన్నాడు. అంతలోపు గడ్డం గీసుకుని, ఫిర్యాదు కాగితం మరొక్కసారి చదువుకుని, డాక్టరు రాసిచ్చిన నలభై నిమిషాల నడక పూర్తి చేసుకోవాలని ఎవేలియో మోస్కెరా ఆ శనివారం పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. డిసెంబరు అయినా కాలీ నగరంలో ఎండకు ఆ సంగతి తెలియదు. అందుకని ఆయన నడక వీధిలో కాకుండా మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య సాగేది.

ఫిర్యాదు పక్కింటి యులీసా మీద. ఆ అమ్మాయికి ఇరవయ్యారేళ్లు. ముందుగదిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది. జుట్టు కత్తిరించేటప్పుడు కుర్రకారు వినే రెగ్గెటోన్ మోత పాటలు పెడుతుంది. శాన్ రోకే పేటలో పాతకాలపు సల్సా నృత్య సంగీతం తప్ప మరొకటి వినిపిస్తే పూర్వీకులకు నిద్ర పట్టదని నమ్మే రికార్డు ప్రియుల సంఘం ఒకటుంది. దాని అధ్యక్షుడు పేటంతా గౌరవంగా 'దోన్' అని పిలిచే డెబ్బై ఎనిమిదేళ్ల దర్జీ అనీబల్, కార్యదర్శి ఎవేలియో. ఇప్పటికి రెండు హెచ్చరికలు అయ్యాయి. మూడోసారి ఇన్‌స్పెక్టరు చెవినే మోత పడితే స్పీకరు పట్టుకుపోతారు, పార్లరుకు పదిహేను రోజులు సీలు వేస్తారు. పండగల డిసెంబరులో పదిహేను రోజులంటే పార్లరుకు ఏడాది తిండి.

ఆ కాగితం రాసిన చేత్తోనే ఎవేలియో ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, చుట్టూ ఒకసారి చూసి, ఫోనులో రెగ్గెటోన్ పాట మొదలుపెట్టాడు.

ఇది రెండేళ్ల నాటి రోగం. గుండె ఆపరేషను తర్వాత నడక నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయి, "దోన్ ఎవేలియో, సల్సా పెడితే మీరు నడవడం మానేసి చిందులేస్తున్నారు, కుట్లు ఊడిపోతాయి" అని తిట్టి, తన ఫోనులో రెగ్గెటోన్ పాటలు పెట్టింది. మొదటి వారం ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మూడో వారం దూది తెచ్చుకోవడం మరిచిపోయాడు. ఆరో నెలకల్లా స్నానాల గదిలో ఏదో కూనిరాగం తీస్తూ భార్యకు దొరికిపోబోయి, దగ్గు నటించాడు. నలభై ఏళ్లుగా పోగేసిన మూడు వేల రికార్డులు హాల్లోంచి ఆయన్ను చూస్తున్నట్టే ఉండేది.

ఆ రోజు ఇయర్‌ఫోన్లలో చప్పుడు లేదు. ధ్వని పెంచాడు. అయినా లేదు. పైపెచ్చు పక్కింట్లోంచి దబదబమని మోత మొదలైంది.

'ఈ పిల్లకి బుద్ధుందా? ఇవాళ కూడానా?' అనుకున్నాడు. జాలి కూడా వేసింది. మరో నిమిషానికి ఆమె పెట్టింది తన పాటేనని గమనించి, పిల్ల అభిరుచి మంచిదేనని మనసులో ఒప్పుకున్నాడు కూడా. ఆ మోత వినబడకుండా తన ఫోనులో ఇంకాస్త పెంచాడు. పక్కింటి మోత ఇంకాస్త పెరిగింది. పంతానికి పోయి చివరిదాకా పెంచాడు. తీగ మీద బట్టలు అదిరాయి.

"ఏమయ్యా!" భార్య నూబియా మెట్ల మీంచి అరిచింది. "కింద ఇన్‌స్పెక్టరు వచ్చేశాడు! గంట ముందే వచ్చాడు! దోన్ అనీబల్ వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల కొంప మునుగుతోంది, నువ్విక్కడ షికార్లు చేస్తున్నావా?"

ఎవేలియో ఫోను జేబులో వేసుకుని పరుగున దిగాడు.

పార్లరు ముందు అప్పటికే పాతికమంది ఉన్నారు. లోపల యులీసా స్పీకరు మీటలన్నీ నొక్కుతోంది. కుర్చీలో రంగు పూసిన తలతో ఒకావిడ చెవులు మూసుకుని కూర్చుంది.

"నేను పెట్టలేదండీ!" యులీసా గొంతు ఆ మోతలో సగమే వినిపించింది. "మీరొస్తారని పాత బొలేరో పెట్టాను, మెల్లగా! మా అమ్మమ్మ పాట! మధ్యలో దానంతటదే మారిపోయింది!"

"దానంతటదే," అన్నాడు దోన్ అనీబల్ చేతికర్ర ఊపుతూ. "రాసుకోండి ఇన్‌స్పెక్టరు గారూ, దానంతటదేనట."

యులీసా తీగ లాగేసింది. స్పీకరు బ్యాటరీ మీద ఇంకా హుషారుగా వాయించింది. ఇన్‌స్పెక్టరు ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఎవేలియో ఆయనకు నమస్కారం చెప్పాలని ఇయర్‌ఫోన్లు తీసి, మర్యాద కోసం జేబులో ఫోను ఆపాడు.

వీధి వీధంతా నిశ్శబ్దమైంది.

ఆయన స్పీకరు వైపు, తన జేబు వైపు మార్చి మార్చి చూశాడు. పోయిన నెల మనవరాలి పుట్టినరోజుకు యులీసా ఈ స్పీకరే అరువిచ్చింది. తన ఫోనుకు దాన్ని జతచేసి ఇచ్చింది కూడా ఆ పిల్లే. అది గుర్తొచ్చేసరికి చెమట పట్టిన బొటనవేలు తెర మీద జారింది. పాట మళ్లీ అందుకుంది. రంగు తలావిడ కెవ్వుమంది. ఎవేలియో తడబడి మళ్లీ ఆపాడు. మళ్లీ నిశ్శబ్దం.

"నన్నే వెక్కిరిస్తున్నావా అమ్మాయ్?" ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "నేను కలం ఎత్తితే పాట, దించితే ఆపడమూనా?" వెంట వచ్చిన మునిసిపాలిటీ మనిషి వైపు తిరిగాడు. "బాబూ, ఆ స్పీకరు బండిలో పెట్టు. తలుపుకు సీలు వేస్తాను. ఫిర్యాదు రాసిందెవరు?"

"మా కార్యదర్శి," అన్నాడు దోన్ అనీబల్ గర్వంగా. "అక్షరాలు చూడండి, ముత్యాలు!"

కలం ఎవేలియో చేతికొచ్చింది. యులీసా ఏడవలేదు. కుర్చీలో ఉన్నావిడ తల త్వరగా కడగకపోతే జుట్టు రాలిపోతుందని, ఒక్క పది నిమిషాలు ఆగి సీలు వేయమని అడిగింది. అంతే అడిగింది.

ఎవేలియోకు తన పదిహేనేళ్లప్పటి ఇంటి డాబా కళ్లముందు కదిలింది. తండ్రి టాంగో తప్ప వినేవాడు కాదు. కొడుకు మొదటి జీతంతో తెచ్చుకున్న సల్సా రికార్డును ఆయన రౌడీల గోల అని వీధిలోకి విసిరాడు. అది సైకిలు చక్రం కింద పడి విరిగిన చప్పుడు ఎవేలియో ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తండ్రి అక్షరాలు కూడా ముత్యాల్లాగే ఉండేవి. ఆ తర్వాత మెత్తని ప్రేమ సల్సా వచ్చినప్పుడు, అది పడగ్గది ఏడుపని ఎవేలియో తానే ఎగతాళి చేశాడు; మూడేళ్లకు దానికే అడుగులేస్తూ నూబియాను పెళ్లికి అడిగాడు. తన చెవి ఎప్పుడూ తనకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తానే ప్రతిసారీ ఆలస్యంగా ఒప్పుకున్నాడు.

"సంతకం పెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ పాట నాది," అన్నాడు ఎవేలియో.

"ఏమిటీ?"

"నా ఫోనులోది. నేనే వింటున్నా. రోజూ వింటా. యులీసా స్పీకరుకు తగులుకుంది. ఆ పిల్ల తప్పేం లేదు."

దోన్ అనీబల్ కళ్లు చెమర్చాయి. "చూశారా మా ఎవేలియో మనసు! ఆడపిల్ల మొహం చూసి నింద నెత్తిన వేసుకుంటున్నాడు. వద్దయ్యా, గుండె జబ్బు మనిషివి. న్యాయం న్యాయమే."

"నిజమండీ! ఇదుగో ఫోను!"

"మనవరాలి పాటలై ఉంటాయిలే," అన్నారెవరో. ఇన్‌స్పెక్టరు కూడా తల ఊపి, "మంచివారే. సంతకం పెట్టండి" అన్నాడు. మునిసిపాలిటీ మనిషి అప్పుడే స్పీకరు ఎత్తుకుని గుమ్మం దాటుతున్నాడు.

ఇక దారి లేకపోయింది. అరవై మూడేళ్ల ఎవేలియో, సంఘం కార్యదర్శి, పార్లరు గుమ్మంలో నిలబడి ఆ పాట ఎత్తుకున్నాడు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు వాటంతటవే వంగాయి. నడుం కూడా కదిలింది. నూబియా రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎవరూ నవ్వలేదు, నవ్వితే బాగుండునని ఆయనకు అనిపించింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ప్రియురాలు వెళ్లిపోతుంది. "ఆఖరి బస్సెక్కి పోయావు," అని పాడాడు.

"తప్పు!"

పాట ఆగింది. చేతికర్ర గాల్లో ఉంది. దోన్ అనీబల్ దాన్ని మెల్లగా దించాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. యాభై ఏళ్లుగా ఇతరుల తప్పులు దిద్దిన మనిషి మధ్యలో ఆగలేడు.

"ఆఖరి బస్సు కాదు, ఆరింటి బస్సు," అన్నాడు నేల చూస్తూ. "ఆఖరి అంటే తాళం తప్పుతుంది. నువ్వు సరిగ్గా వినలేదు."

"మీరెక్కడ విన్నారు?" అన్నాడు ఎవేలియో.

"కుట్టుమిషను దగ్గర," అన్నాడు దోన్ అనీబల్. చేతికర్ర పిడి నిమురుతూ, "మిషను చప్పుడుకు సరిపోతుంది" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టాడు. "ఫిర్యాదుదారే నేరస్తుడైతే రాయడానికి ఈ ఫారంలో గడి లేదండీ. పైగా అధ్యక్షుడు కూడా..." మాట పూర్తి చేయకుండా స్పీకరు లోపల పెట్టించి, నూబియా ఇచ్చిన వేడి పాన్‌దెబోనో చీజు రొట్టెలు రెండు కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు. యులీసా పరుగెత్తి కుర్చీలో ఆవిడ తల కడిగింది. జుట్టు నిలిచింది గానీ రంగు మాత్రం అనుకున్నది రాలేదు. ఆవిడ మాత్రం ఇంత వినోదానికి ఆ రంగు దండగేమీ కాదంది.

మరుసటి ఆదివారం సంఘం ఎవేలియో హాల్లో సమావేశమై, చివరి అరగంట కొత్త పాటలకు కేటాయించింది. అరగంట కాస్తా మూడు గంటలైంది. యులీసా స్పీకరు ఒక పక్క, పాత గ్రామఫోను ఒక పక్క మోగుతుంటే ముసలివాళ్లు చరణాల మీద వాదులాడుకున్నారు. సోమవారం నుంచి ఒక్కొక్కరే పార్లరుకు వచ్చి, కత్తిరించడానికి జుట్టు లేకపోయినా కుర్చీలో కూర్చుని, పాటల్లో కుర్రకారు మాటలకు అర్థాలు అడగసాగారు. తలదువ్వించుకోవడానికి వచ్చినవాళ్లు కుర్చీ ఖాళీ లేక గుమ్మంలోంచే వెనక్కి పోయారు.

రెండు వారాలకు ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవేలియో ఇంటికే. ఫిర్యాదు రికార్డు ప్రియుల సంఘం మీద. సాక్షి సంతకం యులీసాది. రాసింది నూబియా. నలభై ఏళ్లలో తనకు ఏ పాట ఇష్టమో ఒక్కరూ అడగలేదని, తనకిష్టమైంది నిశ్శబ్దమని, ఇకనైనా అది కాస్త ఇప్పించమని కోరింది.

ఎవేలియో కళ్లద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు గానీ, దిద్దడానికి ఒక్క అక్షరం కూడా దొరకలేదు.