మూడు చాయ్‌ల ఒప్పందం

నిలబడి చేసే పని ఇక ఏదీ చేయకూడదని నలభై ఏళ్ల వయసులో నిర్ణయం తీసుకున్నాను. అప్పటిదాకా మంచిర్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నిలబడి కామర్స్ చెప్పాను. పిల్లలు కూర్చుని నిద్రపోయేవారు, నేను నిలబడి మేలుకుని ఉండేవాణ్ని. చివరికి కాలేజీయే నిద్రపోయింది.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా బాపు ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగింది నేను పైకి ఎక్కాలనేనని చుట్టాలందరూ అంటారు. ఎక్కడికి ఎక్కాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందుకని నేనే ఆలోచించి ఒక చాయ్ మిషన్ కొన్నాను.

ఒక మీట నొక్కితే చాయ్, ఇంకోటి నొక్కితే కాఫీ, మూడోది నొక్కితే వేడినీళ్లు. ఏదైనా దుకాణంలో పెడితే అది పోస్తూనే ఉంటుంది, మనం ఇంట్లో కూర్చోవచ్చు. వారానికోసారి వెళ్లి పొడి నింపి, తుడిచి రావడమే. దాన్ని సర్వీసు అంటారట. మిషన్ అమ్మినవాడు ఈ మాట అన్నప్పుడల్లా నాకు కుర్చీ కనిపించేది.

మిషన్ బస్సులో పార్శిల్‌గా వచ్చింది. ఇంట్లో దాన్ని పెట్టడానికి ఒకే ఒక్క చోటు దొరికింది. మా ఆవిడ స్వరూప జాకెట్లు కుడుతుంది. ఆమె కటింగ్ టేబుల్ మీద పెట్టాను.

"గిదేందయ్యా?"

"మన భవిష్యత్తు."

"మన భవిష్యత్తు నా టేబుల్ మీదనే కూసోవాల్నా?"

"రెండు మూడు రోజులే. ముత్యం సేటు దుకాణంల పెడుత. మాట్లాడేది ఒక్కటే బాకీ."

"పెండ్లిళ్ల జాకెట్లు కుప్ప పడ్డయ్. శనివారం పొద్దుగాల దాకా చూస్త. గప్పటికి గిది కదలకపోతే పాత సామాన్ల సాంబయ్యను పిలుస్త. ఇనుము కింద తూకమేసి పట్టుకపోతడు."

"దీనికి గ్యారంటీ ఉన్నది స్వరూపా."

"నీకే లేకపాయె."

ఆ రోజు నుంచి ఆమె నేల మీద కూర్చుని కత్తిరించడం మొదలుపెట్టింది. కత్తెర చప్పుడు వీధిలోకి వినిపించేది. లేచేటప్పుడు నడుం పట్టుకుని మిషన్ వైపు చూసేది, తర్వాత నా వైపు. ఆ రెండు చూపులకూ తేడా ఉండేది కాదు.

ముత్యం సేటు గురించి చెప్పాలి. మార్కెట్లో ఆయన బట్టల దుకాణం తొక్కని పెండ్లి లేదు. ఊళ్లో ఆయన పేరు మీటర్ ముత్యం. నవ్వును కూడా కొలిచి, చించి, మడత పెట్టి ఇస్తాడు. పెండ్లి బట్టలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒక్కో కుటుంబం ట్రాలీ ఆటో నిండా దిగుతుంది. ఒక చీర, ఇరవై అభిప్రాయాలు. మధ్యాహ్నం దాకా లేవరు. అంతసేపూ ఎదురు హోటల్ నుంచి చాయ్ మోయించుకునే మనిషికి నా మిషన్ దేవుడిచ్చిన వరం కదా.

రాత్రంతా కూర్చుని పద్నాలుగు షరతులతో ఒప్పందం రాసి, బాండు కాగితం మీద టైపు చేయించాను. స్వరూప చదివింది.

"మొదటి షరతే 'యంత్రము వద్ద దాని యజమాని నిలబడవలసిన అవసరము లేదు' అనా?"

"అసలు ముఖ్యమైంది గదే."

బుధవారం దుకాణానికి వెళ్లాను. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. సేటు పిలిచి, చేతికిచ్చిన చాయ్ తాగినవాడు ఒట్టి చేతులతో లేచి పోకూడదు. పోతే మళ్లీ ఆ గడప తొక్కడానికి ముఖం చెల్లదు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. తెలిసీ తాగాను.

"రా సారూ, కూసో. ముందుగాల చాయ్ తాగు" అన్నాడు ముత్యం.

తాగాను. "కరెంటు మీది సేటు" అన్నాను.

"మాదేనా?" అన్నాడాయన. నా ఖాళీ కప్పు వైపు ప్రేమగా చూశాడు.

"మాదే అనుకోండ్రి" అన్నాను.

రెండో చాయ్ వచ్చింది. దానికి నీళ్లూ కప్పులూ నా ఖర్చులోకి పోయాయి. మూడో చాయ్‌లో యాలకులు కూడా వేయించాడు, దానికి పాలపొడీ చాయ్‌పొడీ కలిసి పోయాయి. లేచేటప్పుడు చూస్తే నా చంకలో ఒక లుంగీ కూడా ఉంది.

ఇంటికి రాగానే స్వరూప కాగితం అడిగింది. కొట్టివేతలు చూసి, చదవడం మానేసి నన్నే అడగడం మొదలుపెట్టింది.

"కరెంటు?"

"మనదే."

"నీళ్లు, కప్పులు?"

"మనయే."

"పొడి?"

"మనదే. తాగేది మాత్రం వాళ్లు."

"సేటుదేముంది మరి?"

"జాగ."

"మనకేమొస్తది?"

"పేరొస్తదట. నలుగురు చూస్తరట."

"గా లుంగీ ఏంది?"

"మూడో చాయ్."

స్వరూప కత్తెర తీసుకుంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను కానీ ఆమె బట్టే కత్తిరించింది.

"మొదటి షరతు ఉన్నది సూడు. దాన్ని ముట్టనియ్యలే" అన్నాను.

"అవునయ్యా. ఇల్లు కాలినా తాళంచెవి దక్కింది."

శుక్రవారం పొద్దున మిషన్ దుకాణంలో పెట్టి, నొక్కి చూపించి, ఇంటికొచ్చి కూర్చున్నాను. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. ఆ హాయి సరిగ్గా గంటన్నర నడిచింది. ముత్యం ఫోన్ చేశాడు. ఈసారి ముందుగా చాయ్ ప్రసక్తి తేలేదు.

పరుగెత్తాను. జరిగిందేమిటంటే, మంథని నుంచి ఒక పెండ్లి వారు దిగారు. వాళ్ల పెద్దావిడ కొమురవ్వ. లోపలికి రాగానే ఇరవై మందికీ మిషన్ కనిపించింది. చీరల వైపు చూసినవాళ్లు లేరు. నొక్కినవాళ్లు మళ్లీ నొక్కారు, నొక్కనివాళ్లు వరస కట్టారు. పెండ్లికొడుకు కప్పు పెట్టడం మరిచి కాఫీ నొక్కి, చెయ్యి కాల్చుకుని ఎగిరాడు. ఆయన మోచెయ్యి తగిలి పెండ్లికూతురు చేతిలోని చాయ్ పరిచి ఉన్న గోధుమరంగు పట్టుచీర కొస మీద ఒలికింది. అందరూ రెండేసి కప్పులు తాగి, మూతి తుడుచుకుని, లేచారు.

ముత్యం గడప దాకా పరుగెత్తాడు. "అవ్వా, చాయ్ తాగి ఉత్తగనే పోతరా?" అన్నాడట.

"నువ్వు పోసినవా బిడ్డా? మమ్ముల తాగుమన్నవా? గా డబ్బ పోసింది" అని కొమురవ్వ మిషన్‌కి రెండు చేతులెత్తి దండం పెట్టి, ఎదురు దుకాణంలోకి నడిచింది. అక్కడ సేటు స్వయంగా చాయ్ తెచ్చి ఇచ్చాడు. మంథనివాళ్లు ఇప్పుడు అక్కడ పరుపు మీద కూర్చుని ఉన్నారు. అద్దంలోంచి మాకు కనిపిస్తున్నారు కూడా.

"నీ డబ్బ నా బోణీ మింగింది సారూ" అన్నాడు ముత్యం. "గీ చీర నీదే. డబ్బ నీదే. రెండు తీస్కపో. ఇప్పుడే."

"సేటు, ఒక్క వారం ఉండనియ్యిండ్రి. రేపు పొద్దుగాల సాంబయ్య వస్తుండు."

"సాంబయ్య ఎవలు?"

నేను చెప్పేలోగా స్వరూప లోపలికి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. నా వెనకే ఆటోలో వచ్చిందట.

ముత్యం అలవాటు మానుకోలేదు. "రా బిడ్డా, కూసో. చాయ్ తాగు."

"నాకు ఒక్కపొద్దు కాకా, ఏం ముట్ట."

"చాయ్‌కు ఒక్కపొద్దేంది?"

"నాది గట్లనే ఉంటది."

కప్పు పట్టుకున్న ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎవరికి ఇవ్వాలో తెలియక నాకే ఇచ్చాడు. తాగాను.

స్వరూప ముందు చీర విప్పి చూసింది. "మరక జాకెట్ ముక్క మీదనే పడ్డది కాకా. చంక కిందికి పోయేటట్టు కత్తిరిస్తే ఎవలకు కనపడది. గీ చీర అమ్ముడుపోతది, ఫికర్ చేయకు."

ముత్యం ముఖంలోకి ఒక అర మీటరు రంగు వచ్చింది.

"మిషన్ల తప్పు లేదు" అంది స్వరూప. "అది పోస్తది గని, తాగుమని అంటదా? చాయ్ పట్టుకపోయి చేతికిచ్చి, 'తీసుకోండ్రి అక్కా, తాగుండ్రి అవ్వా' అనేటందుకు ఒక మనిషి ఉండాలె. గా మనిషిని నేను పెడుత. కరెంటు, నీళ్లు, కప్పులు, పొడి అన్ని మీయే."

"మనిషి జీతం?"

"నువ్వియ్యకు. మిషన్ పక్కన గా మూల ఖాళీగనే ఉన్నది. గా జాగ నాకియ్యి. చీర తీసుకున్నోళ్లకు అక్కడనే జాకెట్ కొలతలు తీసుకుంట. చీర ఈడ కొని జాకెట్‌కు ఊరంత తిరగాల్సిన పని లేదంటే, మంథని కాదు, మహారాష్ట్ర నుంచి వస్తరు."

ముత్యం ఎదురు దుకాణం వైపు చూశాడు. పరుపు మీద కొమురవ్వ మూడో చీర విప్పిస్తోంది. "అట్లనే కానియ్యి బిడ్డా" అన్నాడు. నాకు మూడు చాయ్‌లు పట్టిన బేరం ఆమెకు నాలుగు నిమిషాల్లో తెగింది. "ఇంతకు గా మనిషి ఎవలు?"

ఇద్దరూ నా వైపు చూశారు.

నేను వెంటనే జేబులోంచి బాండు కాగితం తీశాను. వేలు పెట్టి మొదటి షరతు గట్టిగా చదివాను. "యంత్రము వద్ద దాని యజమాని నిలబడవలసిన అవసరము లేదు."

ముత్యం కాగితం తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పాడు. "సారూ, దీని మీద నా సంతకం ఏది?"

చూశాను. లేదు. మూడు చాయ్‌ల హడావుడిలో పెట్టించుకోవడం మరిచిపోయాను. కామర్స్ చెప్పిన పదిహేనేళ్లలో చెల్లని ఒప్పందానికి ఉదాహరణగా ఏది చెప్పాలో నాకెప్పుడూ తోచేది కాదు.

ఇప్పుడు నెల కావస్తోంది. నిన్న లక్సెట్టిపేట నుంచి సమ్మవ్వ అనే ముసలావిడ ముగ్గురు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నేను ట్రే పట్టుకెళ్లి, "తాగుండ్రి అవ్వా" అన్నాను. ఆమె కప్పు తీసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"డిగ్రీ అవ్వా."

"గందుకే. మా మనుమడు ఇంటర్‌తోనే ఆపిండు. వానికి పళ్లెం ఇస్తే సగం కిందనే పోస్తడు." ఆమె వెటకారం చేయలేదు. నిజంగానే మెచ్చుకుంది.

మూలలోంచి, పెద్దకోడలి చేతికి టేపు చుట్టిన స్వరూప తల ఎత్తకుండానే అంది: "ఏమయ్యా, అవ్వకు ఇంకో సగం పొయ్యి. చిన్నకోడలు ఇంక చీర తీసుకోలే."

పోశాను. చిన్నకోడలు రెండు తీసుకుంది.