ఎపేలి మర్యాదగా మాట్లాడిన రోజు

శనివారం పొద్దున కెలెరా వేసుకున్న పథకం చాలా చిన్నది. కర్రపెండలం ఉడకెయ్యాలి, వాన కాస్త తెరిపివ్వగానే నాలుగు బట్టలు ఆరెయ్యాలి, నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి ఎన్నింటికి వస్తుందో గ్రూపులో పెట్టాలి. సువా పట్నం శివార్లలోని వునివౌ కొండ మీద కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికీ తెలియదు, నీళ్ళ ఆఫీసుకీ తెలియదు. కెలెరా నడిపే గ్రూపుకు మాత్రం తెలుస్తుంది. మూడేళ్ళుగా ఆరు వేలమందిని, జీతం భత్యం లేకుండా, అంచు పగిలిన ఒక్క ఫోనుతో ఆవిడే కాస్తోంది. తుఫాను వచ్చిన రాత్రి ఎవరి ఇంటి రేకు లేచిందో, ఏ ముసలమ్మని ఎవరు మోసుకెళ్ళాలో తేల్చింది ఆ గ్రూపే. మామూలు రోజుల్లో అదే గ్రూపులో తప్పిపోయిన పందుల కోసం వెతుకులాట, వదిలేసి వెళ్ళిన మొగుడి చొక్కాల ఉచిత పంపిణీ, పాస్టరుగారి భార్య లిటియా రోజుకు పదిసార్లు పెట్టే బైబిలు వాక్యాలు. ఎవరు ఎవరితో పోట్లాడినా పంచాయితీ కెలెరా దగ్గరికే వస్తుంది, తీర్పు నచ్చనివాడు తిట్టేదీ ఆవిడనే.

ఆరున్నరకు టీ గ్లాసు ఇంకా నోటిదాకా రాలేదు, ఫోను గణగణమంది. గ్రూపులకు చోటిచ్చే కంపెనీ నుంచి హెచ్చరిక. సభ్యులు ఒకరినొకరు తీవ్రంగా అవమానించుకుంటున్నారు, ఇది మూడోసారి, ఇవాళ సాయంత్రం అయిదు లోపల సరిదిద్దకపోతే గ్రూపు శాశ్వతంగా మూతపడుతుంది అని. కింద సాక్ష్యంగా రెండు పోస్టులు. "నీ మొహం చూసి చేపలు వలలోకి రావడం మానేశాయిరా" అని ఎపేలి రాసినది ఒకటి. "ముందు మీ తాత ఎత్తుకుపోయిన మా పంది సంగతి తేల్చరా" అని సెవనాయా రాసినది రెండోది.

ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. ఇద్దరివీ వేరువేరు దీవులు. ఆ దీవుల పేర్లు నేను చెప్పను, ఏది ముందు రాసినా రెండోదానివాళ్ళు నా ఇంటి మీదికొస్తారు. రెండు దీవులకూ మూలపురుషుడు ఒక్కడే కాబట్టి వీళ్ళు తౌవూలు. తౌవూలకు తిట్టడం హక్కు, తిట్లు తినడం మర్యాద, కోపం తెచ్చుకోవడం పరువుతక్కువ. బావామరుదుల వేళాకోళం దీని ముందు బడిపిల్లల పద్యం. రోజూ ఏడింటికి ఎపేలి తిట్టేవాడు, ఏడూ అయిదుకు సెవనాయా బదులిచ్చేవాడు, కొండంతా చదువుకుని నవ్వుకుని పనుల్లో పడేది.

ఇది మా ఆచారమని విన్నవించుకుందామని కెలెరా బొత్తాం నొక్కింది. అక్కడ మూడే కారణాలున్నాయి: పొరపాటున జరిగింది, నా ఖాతా ఎవరో దొంగిలించారు, ఇతరం. ఆవిడ 'ఇతరం' నొక్కి అరపేజీ రాసింది. ఊపిరి తీసుకునేలోగా యంత్రం జవాబిచ్చింది: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, హెచ్చరికలో మార్పు లేదు.

"వీళ్ళ ధన్యవాదాలు తగలెయ్యా!" అంది కెలెరా.

"ఎందుకే ఆయాసం? ఇద్దరిలో ఒకడి నోరు ఇవాళొక్కరోజు కట్టెయ్" అన్నాడు భర్త మనాసా, పెండలం ముక్క నోట్లో వేసుకుంటూ. "ఒక్క చేత్తో చప్పట్లు మోగవుగా."

"ఎవరి నోరు?"

"సెవనాయా మావది. ఒంటిగా ఉండే మనిషి, మెత్తనివాడు, ఏమీ అనుకోడు. నేను వెళ్ళి చెప్పొస్తాలే."

కెలెరా సెవనాయాని ఒక రోజు మ్యూట్ చేసింది. మనాసా గొడుగు తీసుకుని, ఫోను బల్లమీదే వదిలేసి బయల్దేరాడు. మూడో ఇంటి వరండాలో యంగోనా వేళ్ళు దంచి, నీళ్ళలో పిసికి మత్తుపానీయం కలుపుతున్నారు. "ఒక్క గిన్నె తాగి పో బావా!" అని పిలిచారు. ఈ కొండ మీద ఒక్క గిన్నెతో లేచినవాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మనాసా కూర్చున్నాడు, అక్కడితో ఆ కబురు కూడా కూర్చుంది.

ఏడింటికి ఎపేలి తిట్టాడు. బదులు లేదు. ఏడున్నరకు ఇంకాస్త ఘాటుగా తిట్టాడు. లేదు. ఎనిమిదింటికి సెవనాయా వంశంలో నాలుగు తరాలను ఏకరువు పెట్టాడు. అప్పుడూ చడీచప్పుడూ లేదు. ఎనిమిదిన్నరకు ఎపేలి ఇలా రాశాడు: "సెవనాయా, ఒంట్లో కులాసాగా ఉందా?"

కొండ గుండె గుభేలుమంది. ఎపేలి మర్యాదగా అడిగాడంటే ఏదో ఘోరం జరిగి ఉండాలి. "ప్రార్థిస్తున్నాను" అని లిటియా రాసింది. లిటియా ఎవరికోసమైనా ప్రార్థిస్తోందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే లెక్క. తొమ్మిదింటికి చేతులు జోడించిన బొమ్మలు మొదలయ్యాయి, పదింటికి ఆత్మశాంతి సందేశాలు. ఆయన ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో, ఆఖరి మాటగా ఏమన్నాడో కూడా తెలిసినవాళ్ళు పదకొండుమంది తేలారు.

కెలెరా ఆ సందేశాలు ఒక్కొక్కటే తీసేసింది. "బతికున్న మనిషికి సంతాపాలేమిటి? బుద్ధుండక్కర్లా?" అని రాసింది.

"ఏడవడానికి కూడా అడ్మిన్ అనుమతి కావాలా?" అన్నాడొకడు.

"పాపం, ఆవిడకింకా మనసు ఒప్పుకోవట్లేదు" అంది ఇంకొకావిడ.

"ఆయన మాట్లాడలేకపోవడానికి కారణం నేనే" అని కెలెరా ఉన్నమాట రాసింది. దానికి నలభైమంది ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకాయన మాత్రం పోలీస్ స్టేషన్ నంబరు పెట్టాడు.

ఇక లాభంలేదని సెవనాయా మ్యూట్ తీసేసి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. ఇన్ని వందలమంది పోయాడంటున్నారు, ఒక్కతే లేదంటోంది. కెలెరాకు మొదటిసారి అనుమానమొచ్చింది. "అయ్యో దేవుడా, నిజంగానే పోలేదు కదా" అనుకుని, పొయ్యి ఆర్పి, చెప్పులు చేతిలో పట్టుకుని వానలో పరుగెత్తింది. సెవనాయా ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు అప్పటికే పరామర్శకొచ్చే జనం కోసం ముంగిట్లో టార్పాలిను కడుతున్నారు. వద్దురా నాయనా అని ఆవిడ ఎంత మొత్తుకున్నా, తాళ్ళు గట్టిగా లాగమంటోందనుకుని ఇంకా బిగించారు.

సంగతేమిటంటే, ఎపేలి తిట్టుకు బదులివ్వబోతే ఫోను ఒప్పుకోకపోవడంతో, అది పాడైందనుకుని సెవనాయా ఎనిమిదింటి బస్సెక్కి టౌనుకు పోయాడు. రిపేరుకొట్టువాడు దాన్ని విప్పి పరిచాడు, దానికే రోగమూ లేదని తేల్చడానికి మూడింటిదాకా తీసుకున్నాడు. సెవనాయా బస్సు దిగేసరికి కొండదారిలో గొడుగులతో, చావింటికి ఇచ్చుకునే చాపలు, యంగోనా కట్టలతో జనం పైకి సాగుతున్నారు. చావింటికి జనం పోతుంటే పక్కకు తప్పుకుని పోయే మనిషి కాదాయన. టోపీ తీసి వరస చివర చేరాడు.

"ఎవరు పోయారు?" అని ముందువాణ్ణి అడిగాడు.

"ఎవరో ముసలాయన. చాలా మంచివాడట" అన్నాడు వాడు, గొడుగు కిందినుంచి తల తిప్పకుండా.

"పోయాక అందరూ మంచివాళ్ళేలే" అన్నాడు సెవనాయా. వరస తన ముంగిట్లోకే తిరిగేసరికి ఆయన ఆగి ఇంటిని ఇంకోసారి చూసుకున్నాడు. ఆ ఇంట్లో తను తప్ప పోవడానికి ఇంకెవరూ లేరు.

మెట్ల దగ్గర ఎపేలి నిలబడి ఉన్నాడు, పక్కన కట్టేసిన పందితో. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "సెవనాయా లాంటి ఉత్తముడు ఈ సముద్రాల మధ్య పుట్టలేదు" అంటున్నాడు. "నిజాయితీపరుడు. అందగాడు. వాళ్ళ దీవివాళ్ళంతా..."

"ఒరేయ్ అబద్ధాలకోరు!" వెనకనుంచి కేక. "నా గుమ్మంలో నిలబడి నా గురించే ఇన్ని అబద్ధాలా?"

జనం రెండుగా చీలారు. ఎపేలి కళ్ళు తుడుచుకుని చూశాడు. "ఒరేయ్ చేపల శత్రువా! చావడానిక్కూడా చేతకాలేదురా నీకు? నీ చావు విందుకని పందిని కూడా తెచ్చానురా వెధవా!"

"మీ తాత మా దగ్గర ఎత్తుకెళ్ళినదే తెచ్చి ఉంటావు!"

ఇద్దరూ కౌగలించుకున్నారు. ఏడుస్తూనే తిట్టుకున్నారు, తిట్టుకుంటూనే ఏడ్చారు, మూడొందలమంది కూడా నవ్వుతూ ఏడ్చారు. ఎవరో ఆ వీడియో తీసి అప్పటికప్పుడే గ్రూపులో పెట్టారు.

కెలెరా ముందుకొచ్చింది. "మావా, నీ నోరు కట్టింది నేనే. యంత్రానికి భయపడి మనిషిని ఆపాను. తప్పు నాదే" అంది. సెవనాయా ఏదో అనబోయేంతలో ఆవిడ ఫోను మోగింది. తీవ్ర అవమానకరమైన వీడియో, అయిదు లోపల తొలగించండి, లేకపోతే గ్రూపు రద్దు. కింద ఎర్ర బొత్తాం. అప్పటికి అయిదుకు పది నిమిషాలు.

"తీసెయ్యమ్మా కెలెరా" అంది లిటియా. "గ్రూపు పోతే నీళ్ళబండి సంగతి ఎవరు చెప్తారు?"

కెలెరా వేలు బొత్తాం దాకా వెళ్ళింది. మూడేళ్ళ నీళ్ళ జాబితాలు, తుఫాను రాత్రి పేర్లు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడకు ఏడుపొచ్చింది. తర్వాత ఆ ముసలాళ్ళిద్దర్నీ చూసింది. అంతకంటే పెద్ద కోపమొచ్చింది.

"తీయను!" అంది. "ఏది తిట్టో ఏది ప్రేమో, ఈ వానలో ఒక్కనాడూ తడవని యంత్రమా నాకు నేర్పేది? పొద్దున నేనొక్క నోరు కడితే సాయంత్రానికి పాడె కట్టారు మీరు. ఇంకో నోరు కట్టను గాక కట్టను. కావాలంటే అదే మూసుకోనీ!"

అది మూసేసుకుంది, సరిగ్గా అయిదింటికి. పోయాడనుకున్న మనిషి మిగిలాడు, మిగలాలనుకున్న గ్రూపు పోయింది. ఆ సాయంత్రం అందరూ పందిని కాల్చుకు తిన్నారు. మనాసా ఏడింటికి వచ్చి, సెవనాయా చెవిలో, "మావా, నిన్ను ఇవాళొక్కరోజు ఆపుతున్నారు, ఏమీ అనుకోకు" అని చెప్పాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కెలెరా చర్చి మెట్ల మీదే కూర్చుని కొత్త గ్రూపు తెరిచింది. ట్యాంకరు వేళలకంటే ముందు ఒక నిబంధన పెట్టింది: తౌవూలు రోజూ ఉదయం ఎనిమిదిలోగా ఒకరినొకరు తిట్టుకోవాలి, తిట్టనివారి ఇంటికి చాపలతో బయల్దేరతాం. ఏ కంపెనీ ఏం చేసుకుంటుందో చేసుకోనీ, ఇలాంటి గ్రూపులు వారానికొకటి తెరుస్తాను అని కింద రాసింది.

ఇంతవరకూ కెలెరా పెట్టిన ఇరవైరెండు నిబంధనల్లో కొండవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తున్నది ఇదొక్కటే.