చిన్న డాక్టరు ప్రాక్టీసు

ఆ సోమవారం పొద్దున పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి క్లినిక్ తలుపులు తీసేలోగా, వెయిటింగ్ రూములోని గాజుతొట్టెలో ఒక చేపను వదలాలి. అంతే. ఉప్పునీళ్లు పోసి, రాళ్లు పేర్చి, మోటారు పెట్టి నెలన్నర అయింది. లోపలి గదిలో డ్రిల్లు మోత మొదలవగానే బయట కూర్చున్నవాళ్లకు ఎక్కడెక్కడి పనులో గుర్తుకొచ్చి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు. కళ్ల ముందు చేప ఈదుతుంటే చెవులకు మోత కాస్త తక్కువ వినిపిస్తుందని ఆయన ఆశ.

చేపల దుకాణదారు నీళ్ల సంచిలో తెచ్చిన చేప వేలెడంత ఉంది. లేత నీలం ఒళ్లు, మూతి నుంచి తోక దాకా నల్లటి చార.

"ఇది మీ వృత్తిదే సార్," అన్నాడతను. "సముద్రంలో పెద్ద పెద్ద చేపలొచ్చి దీని ముందు నోరు తెరుచుకుని నిలబడతాయి. ఇది లోపలికెళ్లి పళ్లసందుల్లో ఇరుక్కున్నవీ, ఒంటి మీది పురుగులూ ఏరుకు తింటుంది. వరసలో వస్తాయి సార్, టోకెన్లు కూడా అక్కర్లేదు."

డాక్టరు మనసు పొంగిపోయింది. ఆయన దైవభక్తి గల మనిషి. రోజూ పరికరాలు ముట్టుకునే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "స్వామీ, నా చేతికి పని తప్పనివ్వకు, నా చేతి వల్ల ఎవరికీ కీడు రానివ్వకు" అని దణ్ణం పెట్టుకుంటాడు. ఆ రోజు దణ్ణంలో చేపను కూడా కలిపాడు. దానికి 'చిన్న డాక్టరు' అని పేరు పెట్టాడు.

ముందు బల్ల దగ్గర అపాయింట్‌మెంట్లు రాసుకునే ఆయన భార్య తలెత్తి చూసింది. "నోరు తెరుచుకు నిలబడేవాళ్లు ఇక్కడెవరున్నారండీ దానికి?"

"తిండి పెట్టడానికి నేనున్నాగా."

"నేనడిగింది తిండి సంగతి కాదు, పని సంగతి."

అంతలో మొదటి పేషెంటు వచ్చాడు.

నాలుగు రోజులు గడిచాయి. చిన్న డాక్టరు ఏమీ ముట్టలేదు. గుళికలు వేస్తే చూసి పక్కకు తప్పుకుంది. నలిపిన రొయ్యపొట్టు వేస్తే అటు చూడను కూడా లేదు. రాయి పక్కన ఒకే చోట పైకీ కిందికీ ఊగుతూ, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయింది. పేషెంట్లు రాని క్లినిక్‌లో మొదటి ఏడాది తను కూర్చున్న తీరు డాక్టరుకు ఇంకా గుర్తుంది. తన చేతిలో ఒక ప్రాణి ఆకలితో పోతే ఆ దణ్ణం ఏ మొహంతో పెట్టుకోవాలి?

శుక్రవారం పొద్దున ఇంకా ఎవరూ రాలేదని నిర్ధారించుకుని, ఆయన తొట్టె ముందు వంగి, గాజుకు మొహం ఆనించి, "ఆ..." అని నోరు బార్లా తెరిచాడు.

"ఏం నాయనా, పన్ను నొప్పా?" అని వెనక నుంచి వినిపించింది.

మాస్టారు. బడిలో ఉద్యోగం విరమించాక, కట్టుడు పళ్లు వదులయ్యాయన్న వంకతో వారానికి నాలుగు రోజులొచ్చి ఇక్కడే పేపరు చదువుకుంటారు. క్లినిక్‌లో జరిగింది వీధికీ, వీధిలో జరిగింది క్లినిక్‌కీ చేరవేసే బాధ్యత ఆయనదే.

డాక్టరు నోరు మూసుకుని దుకాణదారుకు ఫోను చేశాడు.

"దానికి కావాల్సింది మేత కాదు సార్," అన్నాడతను ఏమాత్రం తడుముకోకుండా. "పేషెంట్లు."

సాయంత్రానికి ఒక పసుపు చేప, రెండు నారింజ చేపలు తొట్టెలో దిగాయి. చిన్న డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. తోక ఊపుతూ నాట్యం చేసినట్టు ఎదురువెళ్లింది. పసుపు చేప నమ్మకంగా రెక్కలు విప్పి నిలబడింది. ఇది దగ్గరికి వెళ్లింది. పసుపు చేప షాక్ కొట్టినట్టు ఎగిరిపడింది.

"మొదటిసారి కదా, కాస్త జివ్వుమంటుంది," అని డాక్టరు భార్యకు చెప్పాడు.

"ఆ మాట మీరు అందరికీ చెప్పేదే," అందామె.

మర్నాటికి పసుపు చేప రెక్క అంచులు చినిగి ఉన్నాయి. జబ్బు మీద ఉన్న చేపను అంటగట్టారని డాక్టరు కోప్పడితే, దుకాణదారు శాంతంగా, "జబ్బు ఉంది కాబట్టే డాక్టరు దగ్గర పెట్టాం కదా సార్. ఇంకో నాలుగు సిట్టింగులు పడతాయి," అన్నాడు. ఆ తర్కంలో తప్పెక్కడో డాక్టరుకు దొరకలేదు. తనూ రోజూ చెప్పేది అదే. పైగా ఒక్కరి మీదే భారం పడకూడదని ఇంకో రెండు చేపలు తెప్పించాడు. అవీ చినిగాయి. చిన్న డాక్టరు మాత్రం నిగనిగలాడుతూ ఒళ్లు చేసింది.

"నీ పేషెంట్లు రాయి వెనక దాక్కున్నారు," అని మాస్టారు పేపరు దించకుండా ప్రకటించారు. ఒక తల్లి అది చూసి, కూతురి చెయ్యి పట్టుకుని, మళ్లీ వస్తామంటూ వెళ్లిపోయింది. ఆ వారం డ్రిల్లు మోతకు వెళ్లినవాళ్ల కంటే తొట్టె చూసి వెళ్లినవాళ్లే ఎక్కువ.

బుధవారం నాడు సముద్ర జీవుల పరిశోధన కేంద్రంలో పనిచేసే మేడమ్ ఒకావిడ వాచిన దవడ పట్టుకుని వచ్చింది. నొప్పికి కళ్లు మూసుకుని ఉండటంతో తొట్టె సంగతి చూడకుండానే నేరుగా కుర్చీలో కూర్చుంది. డాక్టరు మత్తిచ్చి, కింది దవడలోని పుచ్చుపన్ను తీసి, దూది పెట్టి, "అరగంట గట్టిగా కొరికిపట్టుకోండి. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు," అని బయట కూర్చోబెట్టాడు.

రెండు నిమిషాలకే బయట నుంచి "మ్మ్... మ్మ్మ్మ్" అని పెద్దగా వినిపించింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. మేడమ్ తొట్టె ముందు నిలబడి ఉంది. చూపుడువేలు తన నోటి వైపు, తొట్టె వైపు, మళ్లీ నోటి వైపు తిప్పుతోంది. తర్వాత గడ్డం కింద రెండు వేళ్లు కోరల్లా నిలబెట్టి చూపించింది.

"కింద నొప్పా? రెండు పళ్లా?" అన్నాడు డాక్టరు.

ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు చూపించింది. మళ్లీ అడ్డంగా ఊపింది.

డాక్టరు ట్రేలోని పన్ను తీసి చూశాడు. "ఒకవేళ వేరే పన్ను తీశానా?"

"తప్పు పన్ను పీకారట," అని మాస్టారు పక్కాయనకు వివరించారు.

డాక్టరు భార్య మంచుముక్కలు తెచ్చింది. మేడమ్ వాటిని తోసేసి, బల్ల మీది చీటీ లాక్కుని, పెన్ను అందుకుని గబగబా రాసి డాక్టరు వైపు చాపింది. మధ్యలో కూర్చున్నది మాస్టారు కావడంతో చీటీ ముందు ఆయన చేతికి చిక్కింది. ముప్పై ఏళ్లు క్లాసులో డిక్టేషన్ చెప్పిన గొంతుతో ఆయన చదివారు.

"డాక్టరు కాదు. దొంగ. వేషమంతే. ఇంకెవరినీ దగ్గరికి పంపొద్దు."

ఎవరు డాక్టరు కాదో ఆ చీటీలో లేదు. మన భాషలో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కూడా. గదిలో ఉన్న నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, తర్వాత డాక్టరును చూశారు, తర్వాత తలుపును చూశారు. ఒకాయన గొడుగు మర్చిపోయాడు. దాని కోసం మళ్లీ రాలేదు. వాళ్ల వెనకే, విషయం నలుగురికీ చెప్పకపోతే అన్యాయమవుతుందన్న నడకతో, మాస్టారు కూడా వెళ్లారు.

ఖాళీ గదిలో ముగ్గురూ అరగంట పూర్తయ్యేదాకా మౌనంగా కూర్చున్నారు. డాక్టరు నియమం డాక్టరే తప్పలేడు కదా. ఆ తర్వాత మేడమ్ దూది తీసి, మొద్దుబారిన నాలుకతో మెల్లగా అంది. "మీరు పళ్ల డాక్టరు. దాని నోరు ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆమె ఆయన చిన్న అద్దమూ, భూతద్దమూ తీసుకుని చూపించింది. నోరు మూతి చివర కాకుండా గడ్డం కింద ఉంది. కింది దవడలో రెండు కోరలు.

"అసలు శుభ్రం చేసే చేపకి నోరు ముందు కొసన ఉంటుంది. ఇది దాని రంగూ, దాని నాట్యమూ అచ్చం దింపేసి, నమ్మి దగ్గరికొచ్చినవాళ్ల రెక్కలు కొరుక్కుతింటుంది."

"ఈ దొంగమొహంది ఇన్నాళ్లూ నన్ను..." అని డాక్టరు మొదలుపెట్టాడు.

"దాన్నెందుకండీ తిట్టడం? అది పుట్టుకే అలా పుట్టింది. సముద్రంలో అయితే ఒకసారి కొరికించుకున్న చేప పారిపోతుంది, మళ్లీ దగ్గరికి రాదు. ఇక్కడ పారిపోవడానికి చోటేదీ?"

డాక్టరు రాయి వెనక ఉన్న పసుపు చేపను చూశాడు. తన పేషెంట్లు లేచి వెళ్లిపోతున్నారని ఇన్నాళ్లూ బాధపడ్డాడు. లేచి వెళ్లిపోయే వీలు ఎంత గొప్పదో ఇప్పుడు తెలిసింది.

"పోనీ, వెతికి అసలుదే తెస్తే?" అన్నాడు కాస్త ఆశగా.

"అసలుదైతే ఈ పాటికి పోయుండేది. దానికి రోజుకి వందల పేషెంట్లు కావాలి. తొట్టెల్లో పెట్టినవి చాలావరకు పస్తులుండి పోతాయి. దాన్ని పట్టుకొచ్చేసిన చోట మిగతా చేపలకి డాక్టరుండడు, అవీ మెల్లగా తగ్గిపోతాయి."

భార్య మంచుముక్కల గిన్నె కింద పెట్టింది. "అంటే, నిజంగా పనిచేసేది వచ్చుంటే మన దగ్గర ఆకలికి చచ్చేది. మోసం చేసేది కాబట్టి బతికింది."

డాక్టరు తొట్టె వైపు తిరిగాడు. మోటారు గుడగుడమంటోంది. చేతికి పని తప్పనివ్వకని తను రోజూ అడుగుతాడు. ఆ మాటే సముద్రంలో వేలెడంత చేప కూడా తన భాషలో అడుగుతుందేమో. వినే దేవుడు ఇద్దరికీ ఒకడే అయినప్పుడు, ఆయన ఇచ్చిన పనిలోంచి దాన్ని ఎత్తుకొచ్చి గోడకు అలంకారంగా పెట్టుకునే హక్కు తనకెవరిచ్చారు? తననే ఎవరైనా తీసుకెళ్లి, మంచి గది ఇచ్చి, మూడు పూటలా భోజనం పెట్టి, ఒక్క పేషెంటును మాత్రం రానివ్వకుండా గాజు గోడలోంచి చూసి సంతోషిస్తే? ప్రేమగానే పెంచుతున్నామని వాళ్లూ అనుకుంటారు. నాలుగు రోజులు తనూ అలాగే అనుకున్నాడు.

"వీటిని సముద్రంలో వదిలేసి వస్తాను," అన్నాడు.

"వద్దు. ఇక్కడ ఏ రోగం అంటుకుందో తెలీదు, అక్కడికి మోసుకుపోతాయి. మా కేంద్రానికి ఇచ్చేయండి. దెబ్బతిన్నవాటిని విడిగా ఉంచుతాం, కొరికేదాన్ని ఒంటరిగా ఉంచుతాం. తొట్టెలో రాళ్లుంచుకోండి. తీరిగ్గా చూస్తే వాటి మీదే బోలెడు ప్రాణులున్నాయి."

సాయంత్రానికి తొట్టె ఖాళీ అయింది. వీధిని సరిదిద్దే పని డాక్టరు భార్య మాస్టారుకే అప్పగించింది. ఆయన శ్రద్ధగా ఇంటింటికీ వెళ్లి, దొంగ డాక్టరు దొరికిన మాట నిజమేననీ, అయితే ఆ దొంగ చేప అనీ, పట్టిచ్చినావిడ కూడా డాక్టరేట్ చేసిన డాక్టరేననీ చెప్పారు. సగం మందికి అర్థమైంది. మిగతా సగం చూసిపోదామని వచ్చారు. చేప లేని తొట్టెలో ఏముందా అని గాజుకు మొహాలు ఆనించి వెతికారు. రాయి కంతలోంచి దారమంత పురుగు విసనకర్ర విప్పినట్టు విచ్చుకుని, నీడ పడగానే లోపలికి పోవడం మొదట చూసింది ఆ రోజు తల్లితో వెళ్లిపోయిన పిల్లే. అది మళ్లీ ఎప్పుడు బయటికొస్తుందా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లకు డ్రిల్లు మోత వినిపించలేదు.

వారం తర్వాత మాస్టారు కట్టుడు పళ్ల కోసం నిజంగానే కుర్చీ ఎక్కారు. డాక్టరు కళ్లు మూసి దణ్ణం పెట్టుకుని, లైటు సర్ది, అద్దం చేతికి తీసుకుని, "ఏదీ మాస్టారూ, ఆ అనండి," అన్నాడు.

మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. "ముందు నువ్వను నాయనా."

డాక్టరు నోరు బార్లా తెరిచి, "ఆ..." అన్నాడు.