కీర్తిశేషుల వైఫై

అనకాపల్లి శివారులోని ఒక బాలికోన్నత పాఠశాలలో కంప్యూటర్ ల్యాబ్ అత్యంత వైభవంగా ప్రారంభమైంది. అంటే, రిబ్బను తెగింది. కంప్యూటర్లు ప్రారంభం కావడం వేరే సంగతి. దానికీ సభకూ సంబంధం లేదు.

దాత బెల్లం వర్తకులు మల్లేశ్వరరావు గారు. తమ కొట్టులో పన్నెండేళ్లు పనిచేసి అలసిపోయిన పది కంప్యూటర్లను ఆయన ఆడపిల్లల చదువుకు అంకితం చేశారు. ఆనవాయితీ ప్రకారం వాటి మీద ఎర్ర పెయింటుతో 'కీ.శే. బంగారయ్య గారి జ్ఞాపకార్థం' అని తండ్రిగారి పేరు రాయించారు. పెయింటర్ శ్రద్ధగల మనిషి. తెరకు రాశాడు, కీబోర్డుకు రాశాడు, చివరికి బొటనవేలంత వైఫై అడాప్టర్‌కూ రాశాడు. కీబోర్డు మీద 'ఎ' నుంచి 'ఎల్' దాకా బంగారయ్య గారే ఉన్నారు.

ఆ ముసలి యంత్రాలు కొత్త విండోస్‌ను మొయ్యలేవు. అందుకని కంప్యూటర్ టీచర్ పుష్పకుమారి వాటిలో లినక్స్ ఎక్కించింది. అది ఉచితం. ఎక్కడెక్కడి వాళ్లో కూర్చుని రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసినది. తెరలు వెలిగాయి. వైఫై అడాప్టర్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. వాటిని తయారుచేసిన కంపెనీ లినక్స్‌తో మాట కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఇవ్వలేదు. పోనీ ఎవరైనా రాసుకుంటారేమో అంటే, ఆ వివరాలూ చెప్పలేదు.

శనివారం పదింటికి స్కాలర్‌షిప్ పరీక్ష. ఆన్‌లైన్లో, బడి ల్యాబ్‌లోనే రాయాలి. పదిమంది పిల్లలు. వాళ్లలో పావనికి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ, రాకపోతే జీడిపిక్కల ఫ్యాక్టరీ. వాళ్లమ్మ అప్పుడే మేస్త్రీతో మాట్లాడేసింది కూడా.

ఆఫీసు గది నుంచి ఇంటర్నెట్ కేబుల్ లాగుదామంటే గోడకు కన్నం పెట్టాలి. ఆ గోడ మీద మరో దాత తల్లిగారి పేరుంది. కన్నం సరిగ్గా ఆవిడ ఇంటిపేరు మీద పడుతుందని హెడ్మాస్టర్ జయప్రకాశ్ గారు స్వయంగా టేపుతో కొలిచి తేల్చారు.

బుధవారం పుష్పకుమారి బెల్లం కొట్టుకు వెళ్లి, అడాప్టర్లు మార్చడానికి అనుమతి అడిగింది.

"ఏటి టీచరమ్మా, మా నాన్న పేరు పీకేత్తావా?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

"పేరు కాదండీ, అడాప్టర్. అది పనిచెయ్యట్లేదు."

"పన్జెయ్యకపోతే మానీ. మా నాన్న బతికున్నప్పుడు మాత్రం ఏటి పన్జేసేడు? కనబడాల, అంతే."

ఆమె పాతవాటిని కదపలేదు. విశాఖపట్నం వెళ్లి, లినక్స్ గుర్తుపట్టే రకం అడాప్టర్లు పది సొంత డబ్బుతో కొనుక్కొచ్చి, శుక్రవారం వాటి పక్కనే గుచ్చింది. గుచ్చగానే ఇంటర్నెట్ వచ్చేసింది. పావని పరీక్ష పేజీ తెరిచి చూసి, నమ్మకం కుదరక మూసి, మళ్లీ తెరిచింది.

ఈ దుర్వార్త తెలిసి హెడ్మాస్టర్ గారు హుటాహుటిన వచ్చారు.

"ఇవెవరివి మేడం? పేరేది?"

"నేనే కొన్నాను సార్."

"పేరులేని వస్తువు బళ్లో ఉండకూడదమ్మా. రేపెవరైనా అడిగితే ఏటి సెప్పమంటావు?"

"పోనీ, నా పేరు రాసెయ్యనా సార్?"

"జ్ఞాపకార్థం అంటే పోయినోళ్లుండాలి. నువ్వు బతికే ఉన్నావు కదా!" అన్నారాయన, కొంచెం నిష్ఠూరంగా. "అసలా లినక్సు ఎవడు రాసేడో. జీతం పుచ్చుకోకుండా, పేరేసుకోకుండా మనిషనేవాడు పన్జేత్తాడా? ఇందులో ఏదో ఉంది."

పది అడాప్టర్లూ పీకించి ఆమె చేతిలో పెట్టారు. పావని తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

పుష్పకుమారి ఇంటికెళ్లి ఎర్ర గోళ్లరంగు సీసా తీసింది. పది అడాప్టర్ల మీదా, మొదట ఏ పేరు తోస్తే అది, 'కీ.శే. రాములు గారి జ్ఞాపకార్థం' అని రాసింది. శనివారం తొమ్మిదింటికి వాటిని హెడ్మాస్టర్ గారి బల్ల మీద పెట్టింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివారు. లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

"పుణ్యాత్ముడు," అన్నారు. "పెట్టండి."

పరీక్ష జరిగింది. పావనికి స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ విజయానికి గుర్తుగా బడి గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో బంగారయ్య గారు, మల్లేశ్వరరావు గారు, హెడ్మాస్టర్ గారు ఉన్నారు. ఫొటో దొరకని కారణంగా రాములు గారి స్థానంలో ఒక దీపం ఉంది. పావని ఫొటోకు జాగా చాలలేదు.

ఫ్లెక్సీ చూసి బుచ్చయ్యపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ రాములు మా తాతే, దీపం తీసి ఫొటో పెట్టమంది. మర్నాడు రాంబిల్లి నుంచి ఇంకో కుటుంబం వచ్చింది, ఇంకా పెద్ద ఫొటోతో. హెడ్మాస్టర్ గారు సమగ్ర విచారణ జరిపి, తలా ఐదు అడాప్టర్ల పుణ్యం పంచి న్యాయం చేశారు. ఇప్పుడు బడిలో రాములు గారి వర్ధంతి ఏటా రెండుసార్లు జరుగుతుంది. లినక్స్ రాసింది మా తాతేనని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.

ఇది చదువుతూ మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. మీ ఇంట్లోనూ దండ వేసిన ఫొటో ఒకటి ఉంటే ఆలస్యం చెయ్యకండి. పెయింటర్ కంటపడని మౌసులు ఇంకా పది ఖాళీగా ఉన్నాయి. అవి పనిచేస్తున్నాయా అని మాత్రం అడక్కండి. దాతలెవరూ ఆ ప్రశ్న అడగరు.