‘నేను’ ఎక్కడుందో చూసే పరీక్ష

జపాన్‌లోని ఫుకువోకలో బస్సు నడిపి రిటైరైన ఒగాతా యోహెయి గారికి ఆ ఉదయం ఒక్కటే పని. పదింటికల్లా కూతురు చిజురు పనిచేసే విశ్వవిద్యాలయానికి వెళ్లి, మెదడును ఫొటో తీసే యంత్రంలో పడుకోవాలి. రావలసిన మనిషి జ్వరమొచ్చి మానేశాడు. ముప్పయ్యో మనిషి దొరక్కపోతే చిజురు మూడేళ్ల పరిశోధన ఆగిపోతుంది.

"తల కదపకుండా భుజం మెల్లగా ఎత్తి, వదిలెయ్యాలి నాన్నా, అంతే. ఒళ్లు సడలినప్పుడు మెదడులో ‘నేను’ అనే ఎరుక ఎలా మారుతుందో చూస్తాం," అని ఫోనులో చెప్పింది.

వీధి మూల చెత్త సంచి పెడుతున్న పక్కింటి సుమియె గారు, "పొద్దున్నే ఎక్కడికి అన్నయ్యగారూ?" అని పలకరించింది.

"మా అమ్మాయి దగ్గరికమ్మా. నా బుర్రలో నేను ఎక్కడున్నానో వెతుకుతుందట!"

ఆయన నవ్వుతూ బస్సెక్కారు. సుమియె గారు నవ్వలేదు. వాళ్ల మామగారికి మతిమరుపు ఇలా నవ్వుతూనే మొదలైంది. గంటసేపు వెతికి చిజురు నంబరు పట్టుకుంది.

"అమ్మాయ్, కంగారుపడకు. మీ నాన్నకి తానెవరో తెలియడం లేదు."

‘కంగారుపడకు’ అన్నాక కంగారుపడనివాళ్లు లోకంలో లేరు. అప్పటికే యోహెయి గారు యంత్రంలో ఉన్నారు. చిజురు మైకు అందుకుంది.

"నాన్నా, ఇవాళ ఏ వారం?"

"బుధవారం. భుజం ఎత్తనా?"

"వద్దు. అమ్మ పేరేంటి?"

యోహెయి గారు భుజం సంగతి వదిలేశారు. భార్య పోయి ఏడాది. అప్పట్నించీ పిల్లకు సరైన తిండీ లేదు, నిద్రా లేదు. ఇప్పుడు కన్నతల్లి పేరే మరిచిపోయింది!

"కినుయో, తల్లీ," అన్నారు పసిపిల్లకు చెప్పినట్టు. "కి...ను...యో. నీకు జడలు వేసేది. గుర్తొచ్చిందా?"

ఆ సాగదీత విని చిజురు మైకును ఇంకా దగ్గరికి లాక్కుంది. "మరి... నేనెవర్ని నాన్నా?"

ఇంకేముంది! ఆపదొస్తే నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన పిప్పి పిప్పి చేశారు. బయటపడి, చెప్పులైనా వేసుకోకుండా వచ్చి కూతురి భుజాలు పట్టుకున్నారు. రాళ్లలా బిగుసుకుని, చెవుల దాకా ఎక్కి ఉన్నాయవి.

"నువ్వు చిజురువి. నా కూతురివి. భయపడకు."

"నేనెవరో నాకు తెలుసు! నీకే తెలియడం లేదని సుమియె గారు..."

సంగతి అర్థమయ్యాక ఆయన పగలబడి నవ్వారు. చేతులు మాత్రం తీయలేదు.

"సరే, ఎత్తు. ఇంకొంచెం. ఇప్పుడు నాతోపాటే వదిలెయ్."

నలుగురికీ చెప్పే మాట తనకు మరొకరు చెప్పడం చిజురుకు ఇదే మొదలు. భుజాలు దిగాయి. వాటి వెనకే ఏడాదిగా బిగబట్టిన ఏడుపూ దిగింది.

"అమ్మ పేరు విని ఎన్నాళ్లయింది నాన్నా!"

"నేనూ ఇవాళే పైకన్నాను," అంటూ ఆయనా ఏడ్చేశారు.

అంతలో టాక్సీ దిగి పరుగెత్తుకొచ్చిన సుమియె గారు, వెక్కివెక్కి ఏడుస్తున్న ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యయ్యో, ఇద్దరికీనా!"

చేసిన నిర్వాకానికి ఆవిణ్ణే యంత్రంలో పడుకోబెట్టారు. ముప్పయ్యో మనిషి దొరికింది, పరిశోధన గట్టెక్కింది.

ఒగాతా యోహెయి పేరుకెదురుగా మాత్రం చిజురు రూలు ప్రకారం రాయవలసిందే రాసింది: ‘కదిలిపోయారు. పనికిరాదు.’